ఉత్తరపు కొండలలో ఒక వేసవి

హైదరాబాదు ఆగ్నేయపు అంచున ఉన్న బడంగ్‌పేటలో గాని, కోస్తా జిల్లాలలోని ఏ పల్లెటూరిలో గాని, నాలుగడుగుల పెరడున్న ఇంటిలో కరివేపచెట్టు లేకుండుట అరుదు. పులుసు కాగునప్పుడు, పోపు వేగునప్పుడు గృహిణి చేయి చాచి నాలుగు రెబ్బలు త్రుంచుకొనును. అదే రెబ్బను పాఠశాలలో విద్యార్థి తన పుస్తకమున అంటించి, క్రింద ముర్రయా కోనిగీ అని శాస్త్రనామము వ్రాయును. ఆ పేరులోని రెండవ మాట ఒక మనుష్యుని పేరు. అతడు కాకినాడలో కన్నుమూసెను. అతని పేరును ఆ చెట్టునకు తగిలించినవాడు మాత్రము మన దేశమును ఎన్నడును చూడలేదు. మంచుదేశమున పుట్టి, ఇరువదియైదవ ఏట ఒక వేసవి యంతయు ఉత్తరపు కొండలపై తిరిగి, పిదప లోకములోని చెట్టుచేమలన్నింటికి పేర్లు పెట్టుటకు పూనుకొనిన ఆ మహానుభావుడు స్వీడను దేశీయుడైన కార్ల్ లిన్నేయస్.

లిన్నేయస్ 1707వ సంవత్సరము మే నెలలో, దక్షిణ స్వీడనులోని స్మోలాండు సీమయందు, రోషుల్ట్ అను కుగ్రామమున జన్మించెను. తండ్రి నిల్స్ క్రైస్తవ మతాచార్యుడు. ఆ వంశమునకు మొదట ఇంటిపేరు లేదు. ఫలానివాని కుమారుడని చెప్పుకొనుటయే ఆ సీమలోని సామాన్యుల వాడుక. నిల్స్ విశ్వవిద్యాలయమున చేరునప్పుడు ఇంటిపేరు కావలసివచ్చెను. తమ భూమిలో పెద్ద లిండెను చెట్టు ఒకటి ఉండెను. దాని పేరునే లాటిను భాషకు అనువుగా మలచి లిన్నేయస్ అని పెట్టుకొనెను. చింతా, తుమ్మల, మామిడి అను ఇంటిపేర్లుగల తెలుగువారికి ఇది వింతగా తోచదు.

నిల్స్‌కు తోటపని యనిన ప్రాణము. పసివాడైన కార్ల్ ఏడ్చినప్పుడు చేతికొక పువ్వు ఇచ్చినచో ఊరుకొనెడివాడని చెప్పుదురు. తల్లిదండ్రులు కుమారుని మతాచార్యుని చేయదలచి వెక్ష్యో పట్టణపు పాఠశాలకు పంపిరి. అచ్చట వేదాంతము, హీబ్రూ వ్యాకరణము అతని తల కెక్కలేదు. 1726లో తండ్రి పాఠశాలకు వచ్చి విచారింపగా, ఈ బాలునికి చదువు రాదు, చెప్పులు కుట్టుటయో బట్టలు కుట్టుటయో నేర్పించుట మేలని ఉపాధ్యాయులు సలహా చెప్పిరి. అదే పాఠశాలలో పాఠములు చెప్పుచు వైద్యము చేయుచుండిన రోత్‌మన్ అను ఒక్కడు మాత్రము అందుకు సమ్మతింపలేదు. వేదాంతము రానివానికి వైద్యము రాకూడదను నియమము లేదని అతని తలంపు. బాలుని తన ఇంటనే ఉంచుకొని, శరీరశాస్త్రమును, పుష్పములను బట్టి మొక్కలను వేరుచేయు విధమును నేర్పెను. తక్కిన ఉపాధ్యాయులు దుర్మార్గులేమియు కారు. తమ పాఠములో వెనుకబడినవాడు అన్నింటను వెనుకబడినవాడే అనుకొనిరి, అంతియే.

లుండ్ నగరమున ఒక సంవత్సరము చదివి, 1728లో లిన్నేయస్ ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు వచ్చెను. చేతనున్న సొమ్ము కొలది నెలలకే అయిపోయెను. చినిగిన జోళ్లలో కాగితము మడచి పెట్టుకొని నడచిన దినములవి. మరుసటి ఏడు విశ్వవిద్యాలయపు తోటలో అతడు ఒక మొక్కను పరిశీలించుచు కూర్చుండగా, ఓలోఫ్ సెల్సియస్ అను వృద్ధ మతాచార్యుడు చూచి పలుకరించెను. కుఱ్ఱవాని జ్ఞానమునకు ఆశ్చర్యపడి, తన ఇంటనే బస, భోజనము ఏర్పరచెను. ఉష్ణమాపకపు డిగ్రీలకు పేరిచ్చిన సెల్సియస్ ఈయన సోదరుని కుమారుడు. ఆ ఆదరణకు బదులుగా 1730 నూతన సంవత్సరమునాడు లిన్నేయస్ ఒక చిన్న వ్యాసమును వ్రాసి ఆయనకు కానుకగా సమర్పించెను. పువ్వులలోని కేసరములు, అండకోశములు స్త్రీపురుష ధర్మములు గలవని, మొక్కలకు వివాహమువంటిది కలదని అందలి విషయము. దానిని చదివిన ఆచార్య రూద్‌బెక్ ఇంకను పట్టము పుచ్చుకొనని ఆ విద్యార్థిచేత తోటలో పాఠములు చెప్పించెను.

ఈ రూద్‌బెక్ తన యౌవనమున, 1695లో, లాప్లాండు యాత్ర చేసినవాడు. తెచ్చుకొనిన వ్రాతలలో అధికభాగము 1702లో ఉప్సాలా నగరము తగులబడినప్పుడు బూడిదయయ్యెను. వృద్ధుడు ఆ కొండల కథలు చెప్పుచుండ విని విని, కాలిపోయిన దానిని తిరిగి వ్రాయవలెనను కోరిక యువకునికి పుట్టెను. ఉప్సాలాలోని రాజకీయ విజ్ఞాన పరిషత్తును ఆశ్రయింపగా స్వల్పముగా ధనసహాయము లభించెను. అది ఒక్క మనుష్యునికి చాలీచాలనంత మాత్రమే. తోడు లేదు, నౌకరు లేడు.

1732వ సంవత్సరము మే నెల 12వ తేదీన లిన్నేయస్ ఉప్సాలా కోటద్వారము దాటెను. ఇది నాటి స్వీడను పంచాంగపు లెక్క. నేటి లెక్కకు 23వ తేదీ యగును. మరునాటికి అతనికి ఇరువదియైదేండ్లు నిండును. తోలు లాగు, పలుచని కోటు, తలపై ఆకుపచ్చని టోపీ, ఒక తోలుసంచి. ఆ సంచిలో ఒక చొక్కా, సిరాబుడ్డి, కలము, చిన్న సూక్ష్మదర్శని, దూరదర్శిని, దోమలనుండి కాపాడుకొనుటకు ఒక వలగుడ్డ, మొక్కలను అదిమి ఆరబెట్టుటకు కుట్టిన కాగితముల దొంతర. నడుమున కత్తి, జీనుప్రక్క చిన్న తుపాకి, చేతిలో కొలతల గీతలు చెక్కిన ఎనిమిది పలకల కఱ్ఱ. ప్రయాణమునకు గుఱ్ఱము. ఇంతకన్న బరువైనది వెంట లేదు.

ఆ దినమున ఉప్సాలా పరిసరముల చెట్లు చిగిర్చుచుండెను, భరతపక్షులు పాడుచుండెను. బోత్నియా సింధుశాఖ తీరము వెంట ఉత్తరమునకు పోవుకొలది వసంతము వెనుకకు నడచుచున్నట్లుండెను. చిగురు మొగ్గయయ్యెను, మొగ్గ మోడయ్యెను. మార్గమున స్కూలా అను నిట్రపు కొండ ఒకటి కలదు. దాని నడుమనున్న గుహను చూడవలెనని లిన్నేయస్ పట్టుపట్టి, ఇరువురను వెంటబెట్టుకొని ప్రాకసాగెను. ఒకని వెనుక ప్రాకుచు ప్రాకుచు, ఏమి తోచెనో, ప్రక్కత్రోవకు తిరిగి రెండవవాని వెనుక ఎక్కసాగెను. మరుక్షణముననే మొదటివాని కాలిక్రింది బండ ఊడి, అతడంతకుముందు ఉన్న చోటనే ధూళి ఎగయునట్లు పడెను. అడుగు మార్చుకొనియుండనిచో ఈ జీవితకథ అచ్చటనే ముగిసెడిది.

ఊమెయో రేవునుండి అతడు సముద్రతీరమును విడిచి, ఊమె నది వెంట లోపలికి తిరిగెను. అదియే లాప్లాండునకు ద్వారము. లాపులని నాడు పిలువబడిన ఆ జనులు తమ్ము తాము సామీలని చెప్పుకొందురు. దుప్పిజాతికి చెందిన రెయిన్‌డీరు మందలే వారి ధనము. నది పొడవునను జలపాతములు. జలపాతము వచ్చినచోటనెల్ల పడవవాడు పడవను బోర్లించి నెత్తిన పెట్టుకొని, గొడుగు పట్టినవానివలె కొండలు దాటి పరుగెత్తుచుండెను. అతనితో సమముగా నడచుట లిన్నేయస్‌కు కష్టమయ్యెను. ఆ దృశ్యమును తన దినచర్య పుస్తకములో బొమ్మగా గీచుకొనెను. చిత్రలేఖనమున అతనికి ప్రజ్ఞ లేదు. ఆ బొమ్మలు మన బాలురు పలకపై గీచు బొమ్మలవంటివే. అయినను చూచినది మరువకుండుటకు అవి చాలియుండెను.

జూన్ మొదటి దినములలో యాత్ర విషమించెను. మంచు కరగి నదులు పొంగుచుండెను. పడవ నడువదు, నేల అంతయు బురద. మోకాలు లోతు మంచునీటిలో, క్రింద గడ్డకట్టిన నేల కాలికి తగులుచుండగా, పై నుండి చలివాన కురియుచుండగా, సంచి మోసికొని గంటల తరబడి నడవవలసివచ్చెను. మార్గదర్శి దారి వెదకుటకు పోయి, చాలసేపటికి ఒక సామీ స్త్రీని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె ఆ యువకుని చూచి జాలిపడెను. ఏ పాపము చేసి ఇట్టి చోటికి వచ్చితివని అడిగినట్లు, ఇంతకుముందు ఇటువంటివాడెవ్వడును తమ సీమకు రాలేదని చెప్పినట్లు అతడు వ్రాసికొనెను. ముందుకు పోవుటకు త్రోవ లేదని ఆమె తీర్పు. తినుటకు ఏమైనను దొరకునా యని అడుగగా ఆమె యొద్ద ఉన్నది చేప యొక్కటే. అది పురుగు పట్టియుండెను. ఆకలితో ఉన్నవానికి కూడ అది నోటికి పోలేదు. తుదకు రెయిన్‌డీరు పాలతో చేసిన చిన్న ఎండుజున్ను గడ్డ దొరకెను. లిన్నేయస్ వెనుదిరిగెను.

ఈ పరాజయమును అతడు దాచుకొనలేదు. ఆ సమయమున యాత్రకు పూనుకొనినందుకు తన్ను తాను నిందించుకొనెను. కాని అదే బురదనేలలలో, అదే దినములలో, నీటినడుమ చిన్నదిబ్బపై గులాబివన్నె గంటలవంటి పూలతో నిలిచిన ఒక చిన్న పొదను అతడు చూచెను. చుట్టును కప్పలు, నీటిపురుగులు. వసంతకాలపు వరదనీరు పాదములను తాకుచున్నది. సముద్రమధ్యమున రాతికి కట్టబడి రాక్షసమకరమునకు బలియగుటకు సిద్ధముగా నున్న గ్రీకు పురాణకన్య ఆండ్రోమెడా అతని తలంపునకు వచ్చెను. ఆ మొక్కకు ఆ కన్య పేరే పెట్టెను. నేటికిని అదియే దాని పేరు. ఆకలియు చలియు బాధించుచున్నవానికి పురాణకథ తోచుట చూచినచో, వృక్షశాస్త్రజ్ఞునిలో కవి ఒకడు దాగియుండెనని ఒప్పుకొనవలెను.

తీరమునకు మరలివచ్చి, మరికొంత ఉత్తరమునకు పోయి, లూలెయో నుండి రెండవమారు లోపలికి ప్రయాణమయ్యెను. యొక్‌మొక్ అను చోట మతాచార్యుడును బడిపంతులును అతనికి ఆతిథ్యమిచ్చిరి. ఆ కొండలపై మేఘములు వచ్చినప్పుడు రాళ్లను, చెట్లను, పశువులను సైతము ఎత్తుకొనిపోవునని వారిరువురు గట్టిగా వాదించిరి. తాను మేఘములలో నడచితినని, అవి తడిమంచు తప్ప మరేమియు కావని లిన్నేయస్ చెప్పగా, చదువుకొనినవాడు గనుక ఇతనికి లోకము తెలియదని నవ్వుకొనిరి. వారికన్న సామీ కాపరులయొద్దనే తనకు ఎక్కువ విద్య దొరకినదని అతని అభిప్రాయము. అది నిజమే కావచ్చును. జోరీగల బాధకు తాళలేక వేసవిలో రెయిన్‌డీరు మందలు మంచుకొండలకు ఎట్లు పరుగెత్తునో, ఆ జోరీగ గ్రుడ్లు పెట్టుటచే పశువుల చర్మమునకు ఎట్లు రంధ్రములు పడునో అతడు నేర్చుకొనినది ఆ కాపరుల వలననే.

జులై మొదటి వారమున క్విక్‌యొక్ వద్ద చెట్లు ఆగిపోయెను. చివరగా నిలిచినవి భూర్జవృక్షములు. కాళిదాసు హిమవత్పర్వత వర్ణనలో విద్యాధర స్త్రీలకు ప్రేమలేఖలు వ్రాసికొనుటకు పట్టనిచ్చిన భూర్జమునకు ఇవి చుట్టములు. సంస్కృతమునందలి భూర్జ శబ్దమును, స్వీడను భాషలో ఈ చెట్టునకు గల పేరును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రవేత్తలు చెప్పుదురు. ఆ భూర్జముల పైనున్న కొండ నెక్కిన లిన్నేయస్‌కు, ఎరిగిన మొక్క ఒక్కటియు కనబడలేదు. వేఱొక లోకమునకు వచ్చినట్లుండెను. అరచేతి పొడవైనను లేని మొక్కలు రాళ్ల నడుమ పూవులతో నిండియున్నవి. ఏ మొక్కను ముందు తీసికొనవలెనో తెలియక కూర్చుండి ఒక్కొక్కటే వ్రాసికొన నారంభించెను. నడిరేయి సూర్యుడు అస్తమింపలేదు. దిగంతమున ఎఱ్ఱగా నిలిచి, వ్రాయువానికి దీపమయ్యెను.

అచ్చటినుండి పశ్చిమమునకు దారి మంచుమీదనే. వెంట వచ్చిన సామీలు ఇరువురు వృద్ధులు. ఒకనికి ఏబదియేండ్లు, రెండవవానికి డెబ్బది దాటినవి. మోతలన్నియు వారివే. అయినను ఇరువదియైదేండ్ల యువకుడు ఆయాసముతో కూలబడినచోట వారు బాలురవలె ఆటలాడుచుండిరి. దీనికి కారణమేమని లిన్నేయస్ దీర్ఘముగా ఆలోచించెను. మడమలేని మెత్తని చెప్పులు, చిన్ననాటినుండి నడక, మితమైన భోజనము, ఉప్పు మానిన మాంసము, చీకుచింత లేని జీవనము, ఇట్లెన్నియో కారణములు వ్రాసికొనెను. వైద్యవిద్యార్థి గదా! వారి కష్టములు, పన్నుల బాధలు, శీతకాలపు ఆకలి అతని లెక్కలోనికి అంతగా రాలేదు. వేసవిలో వచ్చినవాడు వేసవినే చూచెను.

ఒక గుడారమున కాపరులు ఆడుచున్న ఆట అతనిని ఆకర్షించెను. తొమ్మిది వరుసలు తొమ్మిది గళ్లు గల పలక. నడుమ రాజు, అతనిని కాచుకొనియుండు ఎనమండుగురు. నాలుగు దిక్కుల పదునార్గురు శత్రువులు. రాజు అంచునకు చేరినచో ఒకరికి గెలుపు, చిక్కినచో వేఱొకరికి. రెండు పక్షములకు బలము సమముగా లేకుండుట చూచిన మనకు పులిజూదము గుర్తుకు రాక తప్పదు. టాబ్లుట్ అను ఆ ఆట నియమములను లిన్నేయస్ బొమ్మలతో సహా వ్రాసికొనెను. ఉత్తరదేశపు ప్రాచీన క్రీడలలో నియమములు ఇంత వివరముగా నిలిచినది ఇదియే. తక్కినవి ఆడినవారితోనే పోయినవి.

జులై రెండవ వారమున పర్వతశిఖరములు దాటగానే క్రింద నార్వే సముద్రము కనబడెను. అచ్చటి తీరము మన తీరమువంటిది కాదు. ఇసుకతిన్నెలు లేవు. పాపికొండల నడుమ గోదావరిని చూచినవారు, ఆ నీరు ఉప్పునీరనియు, ఆ కొండల శిరస్సులు మంచుతో తెల్లబడినవనియు, ఆ సన్నని పాయ సముద్రమునుండి కొన్ని కోసుల దూరము లోపలికి చొచ్చుకొనివచ్చినదనియు ఊహించుకొనినచో ఫియర్డు అను దాని స్వరూపము కొంత తెలియును. పూర్వము హిమానీనదములు కొండలను తొలిచిన లోయలలో, మంచు కరగిన పిదప సముద్రము నిండుటచే ఇవి ఏర్పడినవి. లిన్నేయస్ కాలమునకు ఈ సంగతి ఎవ్వరికిని తెలియదు. అతడు చూచినది నిలువునా దిగిన రాయి, అడుగున నల్లని నీరు, నీటియంచున పచ్చని గడ్డి. ఉదయమున మంచులో నడచినవాడు కొండ దిగునప్పటికి నడివేసవిలో ఉండెను. ఆ గడ్డిపై కూర్చుండి అడవి స్ట్రాబెర్రీ పండ్లు తినెను. ఆవుపాలు త్రాగెను. ఆ పుస్తకమునందంతట నంతటి ఆనందముతో వ్రాసిన పుట వేఱొకటి లేదు. బురదనేలలో కన్న అగచాట్ల ఋణము అచ్చట తీరెను కాబోలు.

తీరమున రెర్‌స్టాడ్ అను చోట ఒక మతాచార్యుని ఇంట కొలది దినములు ఉండెను. గాలి అనుకూలింపమిచే సముద్రములోని సుప్రసిద్ధమైన సుడిగుండమును చూచుటకు పోలేకపోయెను. తిరిగి కొండలు దాటి, స్వీడను తీరము చేరి, టోర్నియో మీదుగా ఫిన్లాండు తీరము వెంట చుట్టి, అక్టోబరు 10వ తేదీన ఉప్సాలాలో ప్రవేశించెను. అయిదు నెలలు. అప్పటికి శాస్త్రమున పేరులేని మొక్కలు సుమారు నూరు అతని కాగితముల దొంతరలో ఉండెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. పరిషత్తునకు సమర్పించిన నివేదికలో లిన్నేయస్ తాను నడచిన దూరమును నిజమునకు మించి చూపెను. పోని దారి కొంత పోయినట్లు వ్రాసెను. దినచర్య పుస్తకమును నివేదికను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన చరిత్రకారులు ఈ లోపమును పట్టుకొనిరి. చాలని ధనముతో పోయినవాడు ఖర్చు రాబట్టుకొనుటకు చేసిన పని ఇది. మొక్కల ఎడ ఇంచుకయు అసత్యమాడని మనుష్యుడు మైళ్ల ఎడ ఆడెను. ఆ దినచర్య పుస్తకము అతని జీవితకాలమున అచ్చుకాలేదు. 1811లో ఆంగ్లానువాదముగా మొదట వెలువడెను.

ఆ తరువాతి జీవితము వేగముగా సాగెను. 1735లో అతడు హాలండునకు పోయి వైద్యపట్టము పొందెను. ప్రకృతి యంతయు వర్గములుగా విభజించు గ్రంథమును అదే సంవత్సరమున ప్రకటించెను. అది అప్పటికి పండ్రెండు పుటలకు మించని పెద్దసైజు పుస్తకము. 1737లో లాప్లాండు వృక్షసంపదపై గ్రంథము వెలువడెను. అందు 534 జాతుల వర్ణన కలదు. ఆ సంవత్సరమున హాలండులో వ్రాయించుకొనిన చిత్తరువులో లిన్నేయస్ సామీ దుస్తులు ధరించి, సామీల డోలును నడుమున వ్రేలాడదీసికొని, చేతిలో ఒక చిన్న పూవు పట్టుకొని నిలిచియుండును. ఆ పూవు ఉత్తరపు అడవులలో నేలనంటి ప్రాకు తీగకు పూచునది, ఒక కాడకు రెండేసి. దానికి అతని పేరిట లిన్నేయా అని మిత్రుడు గ్రోనోవియస్ పేరిడెను. ఇంత చిన్నది, ఇంత అణగియుండునది, ఇంత స్వల్పకాలము పూచునది గనుక తనకు తగినదేయని లిన్నేయస్ వ్రాసికొనెను. వినయముగల మాటయే. కాని ఆ వినయమును అందరికిని తెలియజెప్పుటలో అతడు వెనుకాడలేదు.

1739లో వివాహము చేసికొనెను. 1741లో ఉప్సాలాలో ఆచార్యుడయ్యెను. 1753లో వెలువడిన వృక్షజాతుల గ్రంథమున సుమారు ఆరువేల మొక్కలకు రెండేసి మాటల పేర్లు పెట్టెను. అంతవరకు ఒక్కొక్క మొక్కకు పేరు ఒక వాక్యమంత ఉండెడిది. మొదటి మాట వంశము, రెండవ మాట ఆ వంశమున ఆ మొక్క గుర్తు. మన పల్లెప్రజలు కరివేప, కొండవేప, నేలవేము అని పిలుచుటలో ఈ పద్ధతియే కలదు. అయితే పల్లెవాడు ఆకు పోలికను, చేదును చూచి వేప యనెను. శాస్త్రజ్ఞుడు పువ్వును, పండును చూచి కరివేప వేపకుటుంబము కాదని, నిమ్మకు మారేడుకు చుట్టమని నిర్ణయించెను. 1758లో జంతువులకును ఇదే పద్ధతిని విస్తరించెను. మనుష్యులను కూడ రంగును బట్టి నాలుగు తెగలుగా విడదీసి గుణములు అంటగట్టుట ఆ గ్రంథములోనిదే. పువ్వులను చూచిన కంటితో మనుష్యులను చూచి చేసిన ఈ పొరపాటు తరువాతి శతాబ్దములలో పెక్కు కీడులకు ఆధారమయ్యెను.

హాలండునుండి మరలి వచ్చిన పిదప లిన్నేయస్ స్వదేశము విడువలేదు. తాను పోవుటకు బదులు శిష్యులను పంపెను. చీనాకు బయలుదేరిన టేర్న్‌స్ట్రెమ్ 1746లో మార్గమధ్యమున మరణించెను. హాసెల్‌క్విస్ట్ 1752లో స్మిర్నా సమీపమున, లోఫ్లింగ్ 1756లో వెనిజులాలో, ఫోర్‌స్కోల్ 1763లో అరేబియాలో కన్నుమూసిరి. ఒక్కొక్క మరణవార్త వచ్చినప్పుడెల్ల గురువు కుమిలిపోయెను. టేర్న్‌స్ట్రెమ్ భార్య, తన భర్తను పిల్లలకు దూరము చేసెనని ఆచార్యుని నిందించెను. అటుపిమ్మట పెండ్లికానివారినే పంపవలెనని నిశ్చయించుకొనెను గాని, పంపుట మానలేదు. పోయిన శిష్యుల పేర్లను కొత్త మొక్కలకు పెట్టుచుండెను.

ఆ శిష్యులలో యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ ఒకడు. 1728లో బాల్టిక్ తీరపు లివోనియా సీమలో పుట్టి, 1757లో ఉప్సాలాలో లిన్నేయస్ వద్ద చదివెను. పిదప డెన్మార్కు చేరి, 1764లో మొక్కలు సేకరించుటకు ఐస్‌లాండు ద్వీపమునకు పోయెను. అదియు ఫియర్డుల దేశమే. అచ్చట అంగుళమో రెండంగుళములో పెరుగు ఒక ఎఱ్ఱని కాడ మొక్కను కనుగొనెను. అది మంచు కరగగానే మొలిచి, ఆ కొలది వారముల వేసవిలోనే పూచి, కాచి, మరల మంచు పడకముందే చచ్చిపోవును. 1767లో లిన్నేయస్ దానికి కోనిగియా ఇస్లాండికా అని పేరు పెట్టెను. లాప్లాండు కొండలలో కూడ పెరుగు మొక్కయే యది. 1732 వేసవిలో గురువు వ్రాసి తెచ్చిన పేర్లలో లేనిది, శిష్యుడు ఐస్‌లాండు నుండి తెచ్చి ఇచ్చెను.

1768లో కోనిగ్ డేనిషువారి వైద్యుడుగా తరంగంబాడిలో దిగెను. మంచుదేశపు మనుష్యుడు తమిళదేశపు ఎండలో మొక్కలు సేకరించి ఉప్సాలాకు పంపుచుండెను. 1771లో వెలువడిన గ్రంథమున లిన్నేయస్ కరివేపను బెర్గెరా కోనిగీ అని వ్రాసెను. ఆ విధముగా భూమిపై అత్యల్పమైన మొక్కలలో ఒకటియు, దక్షిణదేశపు ప్రతి వంటింటి చెట్టును ఒకే మనుష్యుని పేరు మోయుచున్నవి. కోనిగ్ 1774లో ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 నుండి మద్రాసు కుంఫిణీవారి కొలువులోను ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా ఉండెను. సయాము, మలక్కా, సింహళము తిరిగెను.

లిన్నేయస్ తన చివరి సంవత్సరములలో పక్షవాతముతో బాధపడెను, జ్ఞాపకశక్తి క్షీణించెను. లోకమునకంతకు పేర్లు పెట్టినవానికి పేర్లు జ్ఞప్తికి రాకపోయెను. 1778 జనవరి 10వ తేదీన ఉప్సాలాలో మరణించెను. అతని మొక్కలు, పుస్తకములు 1784లో లండనుకు చెందిన జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ కొనుగోలు చేసెను.

ఆ మరుసటి సంవత్సరమే కోనిగ్ తెలుగు తీరమున రోగగ్రస్తుడయ్యెను. డచ్చివారు వర్తకస్థానము చేసికొనిన జగన్నాథపురము నాడు కాకినాడ ప్రక్కన వేఱు గ్రామము. సామర్లకోటలో వైద్యుడుగా ఉండి, మిరియము మొదలగు మొక్కలు పెంచుచున్న విలియం రాక్స్‌బర్గ్ అతనికి చికిత్స చేసెను. ఫలింపలేదు. 1785వ సంవత్సరము జూన్ 26వ తేదీన జగన్నాథపురములో కోనిగ్ ప్రాణము విడిచెను. ఐస్‌లాండులో అతని చిన్నమొక్క పూచు దినములవి. అతని వ్రాతప్రతులు లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరెను. రాక్స్‌బర్గ్ తెలుగు తీరపు మొక్కలపై వ్రాసిన మహాగ్రంథము 1795 నుండి సంపుటములుగా వెలువడెను.

బెర్గెరాను 1825లో స్ప్రెంగెల్ ముర్రయాగా మార్చెను. ఆ ముర్రయా యను పేరును లిన్నేయస్ మరియొక శిష్యునిదే. ఇటీవల వృక్షశాస్త్రజ్ఞులు పెక్కుమంది తిరిగి బెర్గెరా యనియే వ్రాయుచున్నారు. పుస్తకమున రెబ్బ అంటించిన విద్యార్థి మొదటి మాటను ఏది వ్రాసినను, రెండవ మాట కోనిగీయే.